చాక్లెట్ తినే పిల్లల సంబరం: మీ ఇళ్లలో ఎలా ఉంటుందో రాయండి

వంశధార గట్టు (గుణుపురం)
అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా పాపకి మూడున్నరేళ్లు. చాక్లెట్ చేతికందితే అది తినే తీరు చూడ్డానికి నేను ఏ పనున్నా పక్కన పెట్టేస్తాను. గబగబా చింపెయ్యదు. ముందు కాగితానికి ముక్కు ఆనించి వాసన చూస్తుంది, చెవి దగ్గర పెట్టుకుని గరగర వింటుంది, "నానా, నలుపా తెలుపా?" అని అడుగుతుంది, నేను నలుపంటే తెలుపని పందెం కాస్తుంది. ఒక ముక్క విరిచి నాలుక మీద పెట్టుకున్నాక ఇక మాటల్లేవు. నమలదు. బుగ్గలు లోపలికి లాగి, కళ్లు సగం మూసి, అరుగు మీద కూర్చుని కాళ్లు ఊపుతుంది. అది కరిగాక వేళ్లు ఒక్కొక్కటీ నాకుతుంది, అదీ చిటికెన వేలితో మొదలుపెట్టి. ఆఖరి ముక్క సగం కొరికి తడితడిగా ఉన్న మిగతా సగం నా నోట్లో పెడుతుంది. వద్దంటే ఏడుస్తుంది కాబట్టి కాదు, నిజంగానే ఆ సగం ముక్క అంటే నాకు ప్రాణం.

మా అత్తగారు పాతపట్నం నుంచి వచ్చినప్పుడల్లా సంచిలో చాక్లెట్లు ఉంటాయి. మా ఆవిడకి పళ్ల గురించి టెన్షన్. నాకు తెలియాల్సింది రెండు. ఈ వయసులో ఎంత ఇవ్వచ్చు? ఇంకోటి, బజారులో కొన్న ఒక రకం చాక్లెట్ నోట్లో పెట్టుకుని "ఇది కరగట్లేదు" అని ఉమ్మేసింది. రంగు అదే, తీపి అదే. అంత చిన్నదానికి తేడా ఎలా తెలిసింది? మీ పిల్లల కబుర్లు కూడా రాయండి, చదవాలని ఉంది.

మహేంద్రతనయ అక్క (పర్లాకిమిడి)
తమ్ముడూ, చదువుతుంటే మా వాడు కళ్ల ముందు కనిపించాడు. ఐదేళ్లు. వాడికి తినడం ఎంత ఇష్టమో లోపలి వెండి కాగితం అంత ఇష్టం. గోటితో రాసి రాసి ముడతలన్నీ పోగొట్టి పుస్తకంలో దాచుకుంటాడు, నెల తర్వాత తీసి వాసన చూసి "ఇంకా ఉందమ్మా" అంటాడు. చదివేది ఒడియా బడిలో. పుట్టినరోజు నాడు క్లాసులో పంచడానికి చాక్లెట్ల డబ్బా పంపించాను. టీచర్ పక్కన నిలబడి ఏక, దుయి, తిని, చారి అని ఒడియాలో లెక్కపెడుతూ పంచాడట, ఇంటికొచ్చి ఎవరెవరు ఎలా తిన్నారో మొత్తం తెలుగులో చెప్పాడు. ఒకడు దాచుకున్నాడు, ఒకమ్మాయి చెల్లికని జేబులో పెట్టుకుంది, ఒకడు అక్కడే తినేసి ఇంకోటి అడిగాడు. తనది మాత్రం తినకుండా నాకు తెచ్చాడు, మెత్తగా అయిపోయి జేబుకి అంటుకుపోయింది. ఆ నిక్కరు ఉతికిన కష్టం నాకు గుర్తే లేదు.

బరంపురం తాత (గంజాం జిల్లా)
మా చిన్నప్పుడు చాక్లెట్ అంటే గాజు సీసాలోంచి తీసి ఇచ్చే బిళ్లలే. చిత్తూరు న్యూట్రిన్ వాళ్ల బిళ్లలు బరంపురం దాకా వచ్చేవి, దవడన పెట్టుకుంటే బడి గేటు దాకా సరిపోయేవి. కోకో ఉన్న అసలు చాక్లెట్ ఎవరైనా చుట్టాలు మద్రాసు మెయిల్ దిగితేనే. ఇంటిల్లిపాదికీ ఒక్క బిళ్ల, మా అమ్మ కత్తిపీట మీద కోసి తలో ముక్కా పెట్టేది. ఆ ముక్క ఎంత చిన్నదైనా రుచి మాత్రం ఈనాటికీ నోట్లో ఉంది.

ఇప్పుడు మనవరాలికి నేనే ఇస్తాను. కాకపోతే పక్కన కూర్చుని ఇస్తాను. పిల్ల చేతిలో పడేసి పెద్దవాళ్లు ఫోన్ చూసుకోవడం నాకు నచ్చదు. అది తింటున్నప్పుడు ఎవరో ఒకరు చూడాలి. దాని సంతోషంలో సగం మనం చూస్తున్నామనే.

జయపురం తల్లి
మీరంతా ముచ్చటగా రాస్తున్నారు, నాకు కడుపు మండుతోంది. ఏమీ అనుకోకండి. మా చిన్నాడికి నాలుగేళ్లకే ముందు పళ్లు నల్లబడి అరిగిపోయాయి. రాత్రి రెండింటికి లేచి దవడ పట్టుకుని ఏడిచేవాడు, ఇల్లంతా జాగారం. విశాఖపట్నం తీసుకెళ్లి చూపించాం, ఘాట్ రోడ్డులో వాంతులు, అక్కడ కుర్చీ చూడగానే ఏడుపు. ఎవరికి చెప్పను? ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ జేబులోంచి ఒకటి తీసి వాడి చేతిలో పెట్టేవాళ్లు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, పడుకోబోయే ముందు వాళ్ల తాత. వద్దంటే "పిల్లాడి నోరు కట్టేస్తావా" అని నన్నే అనేవాళ్లు. ముద్దు వాళ్లది, మెలకువ నాది. అందుకే మా ఇంట్లో ఇప్పుడు చాక్లెట్ మాటే లేదు.

పళ్ల డాక్టర్ (రాయగడ)
జయపురం అమ్మా, మీ కోపం న్యాయమైనది. మీరు రాసిన దాంట్లోనే అసలు కారణం ఉంది: పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పడుకునే ముందు ఒకటి. నోట్లో ఉండే బాక్టీరియా చక్కెరని తిని ఆమ్లం తయారుచేస్తుంది, ఆ ఆమ్లం పంటి పైపొరని కరిగిస్తుంది. తీపి తిన్న ప్రతిసారీ అరగంట దాకా ఆ దాడి నడుస్తుంది, తర్వాత లాలాజలం మెల్లగా సర్దుతుంది. ఒకేసారి నాలుగు ముక్కలు తిన్న పిల్లవాడికి ఒక దాడి. ఆ నాలుగు ముక్కలే రోజంతా విడివిడిగా తిన్నవాడికి నాలుగు దాడులు, సర్దుకునే వ్యవధి ఉండదు. ఎంత తిన్నాడన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నాడన్నది పళ్లకి ఎక్కువ ముఖ్యం. రాత్రి లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి పళ్లు తోమాక ఏదీ పెట్టకూడదు.

ఇంకో సంగతి. మామూలు చాక్లెట్ నోట్లో త్వరగా కరిగి జారిపోతుంది. పంటి సందుల్లో ఇరుక్కునే టాఫీలు, గంటసేపు చప్పరించే బిళ్లలు, బంకలా అతుక్కునే బిస్కెట్లు ఇంకా చేటు. చాలామంది తల్లిదండ్రులు చాక్లెట్ మానిపించి క్రీమ్ బిస్కెట్ చేతికిస్తారు, అదేదో మంచి తిండి అన్నట్టు.

గుణుపురం తమ్ముడు అడిగినదానికి లెక్క చెప్తాను. రెండేళ్లు నిండేదాకా చక్కెర కలిపినవి అసలు వద్దని పిల్లల డాక్టర్ల మాట. ఆ తర్వాత, రోజు మొత్తం శక్తిలో కలిపిన చక్కెర వాటా 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. నాలుగేళ్ల పిల్లకి రోజుకి సుమారు 1300 కేలరీలు అనుకుంటే ఆ 5 శాతం అంటే 16 గ్రాముల చక్కెర. పాల చాక్లెట్‌లో సగం దాకా చక్కెరే. పది గ్రాముల ముక్కంటే ఐదు గ్రాములు. పాలల్లో వేసే చక్కెర, టీలో ముంచిన బిస్కెట్, కూల్‌డ్రింకు గుక్క ఇవన్నీ ఆ 16లోంచే పోవాలి, అది మర్చిపోకండి. అన్నం తిన్న వెంటనే ఒక ముక్క ఇచ్చి, నీళ్లతో నోరు పుక్కిలింపించి, రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో మీరే తోమండి. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత పేస్టు, ఆ తర్వాత బఠాణీ గింజంత. పాలపళ్లే కదా ఊడిపోతాయిలే అని వదిలెయ్యకండి, దవడ పాలపళ్లు తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య గానీ ఊడవు, కింద వచ్చే పళ్లకి చోటు పట్టి ఉంచేది అవే.

మహేంద్రతనయ అక్క (పర్లాకిమిడి)
డాక్టర్ గారూ, మా ఇంట్లో "అన్నం తింటే చాక్లెట్ ఇస్తా" అనే బేరం మొదలైంది, మా అత్తగారు మొదలుపెట్టారు. దానికి మీరేమంటారు?

పళ్ల డాక్టర్ (రాయగడ)
ఆ బేరం మానెయ్యమంటాను. అన్నం తర్వాత ముక్క ఇవ్వండి, అది మామూలు సంగతి. కానీ అన్నం తిన్నందుకు బహుమతిగా ఇస్తే పిల్లల మనసులో అన్నం శిక్ష అవుతుంది, చాక్లెట్ విలువ రెట్టింపవుతుంది. తిండిని బహుమతిగా వాడితే పిల్లలకి ఆ బహుమతి మీదే మోజు పెరుగుతుందని పరిశోధనల్లో కూడా తేలింది.

సిరొంచ మాస్టారు (గడ్చిరోలి జిల్లా)
నేను మహారాష్ట్ర వైపు నుంచి. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు మాది, ఎదురుగా కాళేశ్వరం. మా ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ. సంక్రాంతికి మా పిల్లలకి రెండు పండగలు ఒకేసారి వస్తాయి. భోగి నాడు మన పద్ధతిలో తల మీద రేగిపళ్లు, పూల రేకులు, చిల్లర డబ్బులు పోస్తాం. పక్కింటి మరాఠీ వాళ్లు బోర్‌న్హాణ్ అని వాళ్ల పసిపిల్లలకి రేగిపళ్లు, మరమరాలు, చెరకు ముక్కలు పోస్తారు, పంచదార గుళికలతో చేసిన నగలు వేసి కూర్చోబెడతారు. ఇప్పుడు రెండు చోట్లా వాటిలో చాక్లెట్లు కలుపుతున్నారు. తల మీంచి చాక్లెట్ల వాన పడుతుంటే ఏడాదిన్నర పిల్లవాడు రెండు చేతులూ పైకెత్తి, పడ్డవాటిని ఒళ్లోకి లాక్కుంటూ, పక్కపిల్లలు ఏరుకోవడానికి ఎగబడితే వాళ్లకీ అందిస్తూ ఉంటాడు. ఆ దృశ్యం చూడని ఇంట్లో సంక్రాంతి వెలితే అంటాను.

కాకపోతే ఒక్క జాగ్రత్త తప్పదు. గుండ్రంగా గట్టిగా ఉండే బిళ్లలు, లోపల వేరుశనగ గింజో బాదం గింజో ఉన్న చాక్లెట్లు ఐదేళ్లలోపు పిల్లలకి వద్దు. గొంతుకి అడ్డం పడతాయి. పరుగెత్తుతూ, నవ్వుతూ, పడుకుని తిననివ్వకండి. తల మీద పోసేవాటిలో మెత్తగా కరిగేవే కలపండి, లేదా కాగితం విప్పి పెద్దవాళ్లే పెట్టండి.

మా ఐదో తరగతి పిల్లలకి నేను చాక్లెట్ మీద ఒక పాఠం చెప్తాను, పుస్తకంలో లేకపోయినా. కోకో గింజల్ని మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతంలో మాయా, అజ్టెక్ ప్రజలు నూరి చేదుగా తాగేవాళ్లని చెప్తే ఎవరూ నమ్మరు. కొరుక్కు తినే చాక్లెట్ 1847లో ఇంగ్లండు బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ చేసింది. పాలు కలిపిన చాక్లెట్ 1875లో స్విట్జర్లండ్‌లో డేనియల్ పీటర్ చేశాడు. మన దేశంలో క్యాడ్‌బరీ 1948లో అడుగుపెట్టింది. మా మహారాష్ట్రలోనే నాసిక్ జిల్లా రావల్‌గావ్ చక్కెర మిల్లు వాళ్లు 1940ల నుంచి బిళ్లలు చేశారు. ఇదంతా చెప్పి తలో చిన్న ముక్క ఇచ్చి "నమలకండి, ఏం జరుగుతుందో గమనించండి" అంటాను. గోల చేసే క్లాసు మొత్తం కాసేపు నోరు మూసుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంది. "సర్, చల్లగా ఉంది" అని మొదట చెప్పేది ఎప్పుడూ వెనక బెంచీవాడే.

వంశధార గట్టు (గుణుపురం)
చల్లగానా? ఎందుకండీ? మా పాప కూడా ఒకసారి "చల్లచల్లగా ఉంది నానా" అంది, ఫ్రిజ్‌లోంచి తీసింది కాదు.

కోకో తోట అల్లుడు (రాయగడ)
దీనికి నేను చెప్తాను. మా మామగారిది ఏలూరు జిల్లా పెదవేగి దగ్గర కొబ్బరి తోట, లోపల అంతరపంటగా కోకో. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రలోనే, గోదావరి జిల్లాల వైపు.

కోకో గింజలో సగం దాకా కొవ్వు ఉంటుంది, దాన్ని కోకో బటర్ అంటారు. దాని గొప్పతనం ఏమిటంటే మామూలు గదిలో గట్టిగా ఉంటుంది, 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన ఒంటి వేడి 37. అంటే నోట్లో పెట్టుకోగానే కరగడానికే పుట్టినట్టు ఉంటుంది. గట్టి పదార్థం కరగాలంటే వేడి కావాలి, ఆ వేడిని నాలుక మీంచి లాక్కుంటుంది, అందుకే చల్లగా అనిపిస్తుంది. మీ పాప కనిపెట్టింది ఇదే. ఉమ్మేసిన చాక్లెట్‌లో కోకో బటర్ బదులు పామ్ లాంటి చెట్ల నూనెల కొవ్వు గట్టిపరిచి వేసి ఉంటారు. చవక, ఎండకి తొందరగా కారదు, కానీ నోట్లో కూడా తొందరగా కరగదు, మైనంలా అంగిలికి పట్టుకుంటుంది. వెనక సన్నక్షరాల్లో ఏముందో చూడండి. కోకో బటర్ అని ఉందా, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉందా? అసలు చాక్లెట్‌లో కూడా కోకో బటర్ కాకుండా వేరే కొవ్వు 5 శాతం దాకా కలపడానికి మన దేశంలో అనుమతి ఉంది, అది దాటితే చాక్లెట్ అనే పేరు పెట్టకూడదు. తెల్ల చాక్లెట్‌లో కోకో పొడి ఉండదు, కోకో బటర్, పాలు, చక్కెర అంతే.

మా అబ్బాయికి ఆరేళ్లు. తోటకి తీసుకెళ్లి కాయ కోసి చూపించాం. బొప్పాయి కాయంత పసుపుపచ్చ కాయ, లోపల తెల్లటి గుజ్జు పట్టిన గింజలు. గుజ్జు చప్పరించి "తియ్యగా పుల్లగా ఉంది, ఇది చాక్లెట్ కాదు" అన్నాడు. గింజ కొరికి మొహం ముడుచుకున్నాడు, అంత చేదు. మా మామగారు వాడి చెయ్యి పట్టుకుని పెట్టెలో పులియబెట్టిన గింజల కుప్ప దగ్గర పెట్టారు, వేడికి వాడు చెయ్యి లాగేసుకుని పెద్దగా నవ్వాడు. ఐదారు రోజులు అలా పులిస్తేనే చాక్లెట్ వాసనకి పునాది పడుతుంది, తర్వాత ఎండబెట్టాలి, ఆపైన ఫ్యాక్టరీలో వేయించాలి. ఆ రాత్రి చాక్లెట్ తింటూ "తాతా, ఇది నీ తోటదేనా?" అని అడిగాడు. మా మామగారు ఇన్నేళ్లుగా గింజలు అమ్ముతున్నారు గానీ వాటితో చేసిన చాక్లెట్ ఒక పిల్లవాడు తింటుంటే ఎదురుగా కూర్చుని చూడ్డం ఆయనకదే మొదలు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కిరాణా కొట్టు తమ్ముడు (పర్లాకిమిడి)
కొట్టు నడిపేవాడిగా నేను చెప్పేది కూడా వినండి. పిల్లల సంతోషం తినేటప్పుడు మొదలవదు, ఎంచుకునేటప్పుడే మొదలవుతుంది. రెండు రూపాయల నాణెం పట్టుకుని వచ్చి సీసాలన్నీ చూస్తారు. "అది ఇయ్యి, కాదు అది, కాదు కాదు ముందుదే." ఒక గుంట రోజూ వస్తుంది, రోజూ అదే కొంటుంది, అయినా అన్నీ చూశాకే కొంటుంది. నేను తొందరపెట్టను. పెద్దవాళ్లు ఎదురుచూసినా పరవాలేదు.

ఎండాకాలం మా దగ్గర చాక్లెట్ నిలవదు. ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడితే పైన తెల్లటి పొర వస్తుంది, బూజు పట్టిందని జనం తిరిగి తెస్తారు. అది బూజు కాదు, లోపలి కొవ్వు పైకి తేలడం. తింటే ఏమీ కాదు, నిగారింపు పోతుంది, పిండి పిండిగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే గాలి చొరని డబ్బాలో పెట్టండి, తీశాక డబ్బా మూత వెంటనే తియ్యకండి, లేకపోతే చెమ్మ పట్టి చక్కెర పైకొస్తుంది.

బరంపురం తాత (గంజాం జిల్లా)
మాస్టారు భోగిపళ్ల సంగతి రాస్తే మాకు ప్రథమాష్టమి గుర్తొచ్చింది. ఒడియా ఇళ్లలో ఇంటి పెద్ద బిడ్డకి ఆ రోజు కొత్త బట్టలు, హారతి, పసుపు ఆకులో ఆవిరి మీద ఉడికించిన ఎండూరి పిఠా అనే పిండివంట. పక్కింటివాళ్లని చూసి మా కోడలూ చేస్తోంది. మా మనవరాలు పెద్ద బిడ్డ కాబట్టి ఆ రోజు దానిదే రాజ్యం. పోయినసారి పిఠా లోపల కొబ్బరి బెల్లంతో పాటు చిన్న చాక్లెట్ ముక్క పెట్టమంది. పెట్టింది కోడలు. ఆకు విప్పగానే పసుపు ఆకు వాసన, లోపల కరిగిన చాక్లెట్. నాకు ఆ రెండూ కలవవు అనిపించింది. పిల్ల మాత్రం ఆకు కూడా నాకింది.

కుక్కపిల్ల అమ్మాయి (బరంపురం)
ఒక్క మాట, ఇది తప్పకుండా చదవండి. పిల్లలు ఇష్టమైనది పంచుకుంటారు, మా తమ్ముడి కొడుకు మా కుక్కకి తన చాక్లెట్ సగం పెట్టబోయాడు. చాక్లెట్‌లో థియోబ్రోమిన్ అనేది ఉంటుంది, మన ఒళ్లు దాన్ని త్వరగా వదిలించుకుంటుంది, కుక్కల ఒళ్లు అంత త్వరగా వదిలించుకోలేదు. వాంతులు, గుండె దడ, వణుకు వస్తాయి, ఎక్కువైతే చచ్చిపోతాయి. నల్ల చాక్లెట్ ఇంకా ప్రమాదం. తినేస్తే ఆగకుండా పశువుల డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. పిల్లవాణ్ని తిట్టకండి, వాడు ప్రేమతోనే పెట్టాడు. మేం వాడి చేతికి బిస్కెట్ ఇచ్చి కుక్కకి అది పెట్టించాం.

మహేంద్రతనయ అక్క (పర్లాకిమిడి)
చాక్లెట్ తింటే పిల్లలు అదుపు తప్పి గెంతులేస్తారు అంటారు మా ఆడపడుచు. నిజమా?

సిరొంచ మాస్టారు (గడ్చిరోలి జిల్లా)
చక్కెర వల్ల పిల్లల ప్రవర్తన మారదని అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి 1995లోనే అమెరికా వైద్య పత్రికలో రాశారమ్మా. పుట్టినరోజు పార్టీలో గెంతుతున్నారంటే అక్కడ పదిమంది పిల్లలున్నారు కాబట్టి. గెంతనివ్వండి.

జయపురం తల్లి
డాక్టర్ గారు రాసింది మా ఆయనకి, మా మామగారికి చదివి వినిపించాను. జేబులోంచి తీసి ఇవ్వడం మాత్రం ఎవరికీ ఒప్పుకోనని చెప్పేశాను, ఇప్పటికీ అదే మాట. చుట్టాలు తెచ్చినవి నా డబ్బాలోకే. ఆదివారం మధ్యాహ్నం అన్నం అయ్యాక ఒక ముక్క, వెనక కోకో బటర్ అని చూసి కొన్నది, ఇద్దరికీ ఇచ్చాను. పెద్దది నమిలి మింగేసింది. చిన్నాడు దాన్ని అంగిలికి అంటించుకుని, నాలుకతో తోస్తూ, పెదాల చుట్టూ గోధుమరంగు మీసాలతో ఇల్లంతా తిరిగి వాళ్ల తాతకి నోరు తెరిచి చూపించాడు, "ఇంకా ఉంది చూడు, ఇంకా ఉంది" అని. చాలా రోజుల తర్వాత వాడి నోరు తెరిపించడానికి నేను బతిమాలలేదు. డాక్టర్ గారూ, ఇప్పటికే అరిగిన పళ్లకి ఇంకా ఏమైనా చెయ్యచ్చా? ఫ్లోరైడ్ పూత అని ఎవరో అన్నారు.

పళ్ల డాక్టర్ (రాయగడ)
చెయ్యచ్చమ్మా. బ్రష్‌తో పళ్లకి పూస్తారు, సూది లేదు, నొప్పి లేదు, కొన్ని నిమిషాల పని. మూడు నుంచి ఆరు నెలలకోసారి వెయ్యాలి. పుచ్చు పట్టే వేగం బాగా తగ్గుతుంది, కానీ గుంట పడిన పంటికి సిమెంటు నింపడం విడిగా ఉంటుంది. ముందుగా ఒకసారి ఏ పనీ పెట్టుకోకుండా వాణ్ని తీసుకొచ్చి కుర్చీ ఎక్కించి దింపండి, భయం పోతుంది. ఖాళీ కడుపుతో తీసుకురావద్దు, పూత వేశాక కాసేపు గట్టి పదార్థాలు పెట్టకూడదు కాబట్టి ఇంట్లో అన్నం తినిపించి బయల్దేరండి.